ఎడమచేతి ఇత్తడి

జ్ఞానాపురం పాత ఇనుము కొట్లో
తుప్పు పట్టిన బీరువాల వెనక
తలకిందులుగా వేలాడుతోంది.
పొట్టేలు కొమ్ముల హ్యాండిల్, సీటు లేదు.
కిలో లెక్కన బేరమాడాను.
తూచాక కొట్టువాడు మాట మార్చాడు:
"ఇంత తేలిగ్గా ఉందంటే ఏదో ఉందమ్మా."

స్టీల్ ప్లాంటు ల్యాబులో ఇరవయ్యారేళ్లు
ఉక్కుని కోసి, అద్దంలా నునుపు చేసి
దాని గింజలు లెక్కపెట్టినదాన్ని.
గోటితో కొట్టి చూశాను.
నీళ్ల పైపైతే మొద్దుగా పలికి ఊరుకుంటుంది.
ఇది గ్లాసు జారిపడినట్టు
చాలాసేపు మోగింది.
ఏ రకం ఉక్కో చెప్పగలను.
ఏ ఏడాదిదో చెప్పలేను.

అల్లిపురంలో దాలినాయుడు
దాన్ని బోర్లా వేసి, పెడల్ ఇరుసు అడుగున
కిరసనాయిలు గుడ్డతో రుద్దాడు.
ఒక అక్షరం తేలింది. తర్వాత ఐదంకెలు.
రెండోది మూడో, ఎనిమిదో,
సగం ఉప్పుగాలి తినేసింది.
"సైకిల్కి జాతకం రాయిత్తారేటమ్మా?"
"పుట్టినేడు తెలిస్తే చాలు."
"ముందు పుట్టినూరు సూద్దారి."

కుడివైపు కప్పుకి స్పానర్ వేసి
లోకమంతా విప్పే వైపు తిప్పాడు.
కదల్లేదు.
బిగించే వైపు తిప్పితే
కీచుమని వదిలింది.
"తిరగమర. ఇంగ్లీషోడిదైనా అవ్వాల,
ఆడిని సూసి మనోళ్లు సేసిందైనా అవ్వాల."
రెండూ రాసుకున్నాను.

ముందు హబ్బు మీద 71.
వెనక హబ్బు మీద 78.
"సెక్రాలు మార్సీసుంటారు.
సెక్రాలు అబద్ధం సెప్తాయమ్మా, ఒళ్లు సూడండి."
బ్లేడుతో ఒళ్లు గీకాను.
పైన ఓడలకేసే బూడిదరంగు,
షిప్‌యార్డు డబ్బాలో అడుగున మిగిలిందై ఉంటుంది.
దాని కింద రెడ్ ఆక్సైడ్.
అట్టడుగున, గోరంత మేర,
నేరేడుపండు రంగు.
ముందు గొట్టం మీద బిళ్ల ఊడిపోయి
రెండు రివెట్ల చిల్లులే మిగిలాయి.
హ్యాండిల్ ఎడం కొమ్ము ఒక్కచోటే అరిగింది,
క్యారేజీ గిన్నెలు వేలాడి వేలాడి.
పందేలకి పుట్టినది
ఎవరికో సింధియా షిఫ్టుకి అన్నం మోసింది.

వెనక గొట్టం దగ్గర నాయుడు ఆగిపోయాడు.
విరిగి అతికిన చోటు.
ఫోను లైటు వేశాడు, కళ్లజోడు తీసి తుడిచి
మళ్లీ పెట్టుకున్నాడు.
"ఇత్తడి ఎటు పారిందో సూసారా?
నానతికితే బొట్టు ఇటు జారతాది.
ఇది అటు జారింది."
కాసేపు మాట్లాడలేదు.
"ఈ ఊర్లో ఎడంసేత్తో గ్యాసు పట్టినోడు
నానెరిగి ఒక్కడే.
కొత్తరోడ్డు జబ్బార్ సాయిబు.
నాకు మొదటి స్పానర్ ఇచ్చినాయన.
మంట ఎలిగించే ముందు
'కళ్లు మూసుకోరా గుంటడా' అని అరిసీవోడు.
అతుకు పడతన్నప్పుడు
ఒక్కసారీ సూణ్ణేదు.
సల్లారినాక సూసీవోణ్ణి."

ఎప్పుడు పోయారని అడిగాను.
నూనె వేళ్లు మడుస్తూ లెక్కేశాడు:
మావోడు పుట్టినేడు, కాదు,
ఆ ముందేడు, తుపానుకి షాపు రేకులెగిరిపోనాయి గదా,
అప్పుటికి ఉన్నాడు, రేకులు ఆయనే ఏరినాడు...
చిటికెన వేలి దగ్గర ఆగి
మళ్లీ మొదటికొచ్చాడు.

నోట్‌బుక్‌లో రాశాను:
పుట్టుక, డెబ్బై ఒకటికి అటూ ఇటూ.
విశాఖ చేరింది, సాయిబు పోకముందు.
రెండోదాని ఎదుట అంకె వేయలేదు.

గ్రీజుకి, తాళ్లకి, రబ్బర్లకి డబ్బు తీసుకున్నాడు.
కొత్త రంగు ఏం వెయ్యమంటారని అడిగి
నేను నోరు తెరిచేలోగా తనే అన్నాడు:
"ఆ అతుకు కాడ మాత్రం ఒగ్గీద్దారి."

ఆదివారం తెల్లవారకముందే
సిరిపురం నుంచి పాండురంగాపురం వాలులోకి వదిలాను.
ఎదురుగా సముద్రం పైకి లేస్తోంది,
గొట్టాలు సన్నగా మోగుతున్నాయి.
మలుపులో పాలవ్యాను.
ఏడాది ఇంకా తేలలేదు.
బ్రేకులు పట్టాయి.