చెంప లోపలి నాపరాళ్లు

బేతంచెర్ల జూనియర్ కాలేజీ, ఫస్టియర్ బైపీసీ.
ఇరవై ఎనిమిది మందికి ఒకటే మైక్రోస్కోపు.
కిటికీ పక్కకు జరిపి ఎండను పట్టుకుంటే తప్ప
ఏమీ కనపడదు.

ఐస్‌ఫ్రూట్ పుల్లతో చెంప లోపల మెల్లగా గీకమన్నాను.
"నెత్తురొస్తాదేమో సార్!"
రాదు. ఈ పొరలో నెత్తుటి నాళమే లేదు,
కిందింటోళ్ల దగ్గర చేబదులు తెచ్చుకుని బతుకుతాది.

మిథిలిన్ బ్లూ ఒక చుక్క.
ముందు చూసింది మద్దిలేటమ్మ,
ఒంటికన్ను మూయడం రాక అరచేయి అడ్డం పెట్టుకుని.
"సార్, ఇవి మా ఫ్యాక్టరీ బయట పారేసిన నాపరాతి ముక్కలే!"

నిజమే. అంచులు విరిగి, పల్చగా, ఒకదానిమీద ఒకటి,
నడుమ మేస్త్రీ పెట్టి మరిచిపోయిన బొగ్గుచుక్క.
పుస్తకం దీన్ని శల్కల ఉపకళ అంటుంది.
నేను బోర్డు మీద ఆమె మాటే రాసినాను.

ఘనాకారం తొందరగా అయిపోయింది:
మూత్రపిండంలో పాచికల వరుస,
ఉప్పును లెక్కపెట్టి వెనక్కి లాక్కునే పిసినారులు.
స్తంభాకారం పేగుల్లో, రేషన్ షాపు క్యూలా ఒత్తుకుని.
సాగి మళ్లీ ముడుచుకునే మూత్రాశయం పొర అంటే
వెనక బెంచీ నవ్వింది.
కర్నూలు దాకా ఆగని బస్సెక్కితే
దాని గొప్ప తెలుస్తాదిలే అన్నాను.

గాలిగొట్టం దగ్గరికొచ్చేసరికి నాకు హుషారు.
ఇక్కడి కణాలకు శైలికలుంటాయి, సన్న నూగు.
జిగురుకు అంటిన దుమ్మును
కొర్రచేను ఊగినట్టు ఒకే వైపు ఊగి
గొంతు దాకా ఊడ్చి పంపుతాయి,
ఆదివారం కూడా.

"పాలిష్ పొడిని కూడానా సార్?"

వాళ్ల నాయన కోతమిషను దగ్గర పదహారేండ్లు.
కనురెప్పల మీద బూడిదరంగు.
అరచేతిలో పొరమీద పొర, అదీ ఉపకళే,
ఎంత గట్టిపడిందంటే
అడ్మిషన్ రోజు వేలిముద్ర పడలేదు.
దగ్గొచ్చి వరండాలోకి పోయి, చాలాసేపటికి వచ్చినాడు.

పెద్ద రేణువును ఊడుస్తాయి.
మరీ సన్నది దాటిపోతాది.
దాటితే, ఆ చివరి గాలిగదుల్లో
ఉల్లిపొర కంటే పల్చటి ఒంటిపొర.
అక్కడ ఊడ్చే శైలిక లేదు.

"చాలావరకు ఊడుస్తాయమ్మా" అన్నాను.
గంట కొట్టినారు.

సోమవారం రికార్డులు దిద్దుతుంటే
ఆమె బొమ్మలో ఒక్కో కణానికి
ఎన్నెన్ని శైలికలో!
పెన్సిల్ అరగదీసి, చెక్కి, మళ్లీ గీసి,
పేర్ల గీతలు దాటి పేజీ అంచు దాకా.
కొలత తప్పు. శుభ్రత లేదు.

ఎర్రపెన్ను మూత తీసి
అట్లే పట్టుకున్నాను, సిరా ఆరేదాకా.