గ్రేడింగు బల్ల

కాశీబుగ్గ. సాయంత్రం షిఫ్టు.
గుండు, బద్ద, ముక్క —
దాలమ్మత్త వేళ్లు చూడకుండానే
ఏ డబ్బాలోది ఆ డబ్బాలోకి.

గోనె మీద కూచుని
రేపటి పరీక్ష పైకి చదువుతున్నాను:
గ్రహాలు, వాటి చందమామలు,
కుజుడికీ గురుడికీ నడుమ
ఏదీ కాలేక తిరిగే రాళ్లు...

"ప్లూటోని గ్రహాల్లోంచి తీసేసేరత్తా."
"ఏటి, ఇరిగిపోనాదా?"
"లేదు, గుండే. చిన్నది."
"డబ్బా మారింది గానీ
పప్పు మారనేదు కదే గుంటా."

తోకచుక్కకి నవ్వింది.
"అది మీ మావ.
వచ్చిన నాలుగు రోజులే ఎలుతురు."

గంట కొట్టేక బల్ల ఊడ్చి
అడుగున మిగిలిన పొడి చూపించింది:
"దీనికేం పేరెట్టేరు?"
"ధూళి. అదీ లెక్కలోదే."
"మరే! ఇక్కడా తూకమేత్తారు."

ఒకప్పుడు పిక్కలు కొట్టి నల్లబడ్డ అరచేతిలో
ఆ పొడి
ట్యూబులైటు కింద
కాసేపు ఎటూ రాలకుండా ఉంది.