మూడు జానల బెత్తెడు

హల్ ఊళ్లో, చేపల రేవు వెనక వీధిలో
మా గదికి ఒకటే బల్ల.
టేపు దొరక్క చేత్తో కొలిచాను:
మూడు జానల బెత్తెడు.

"అక్షరం అంచు చెదరకూడదు" అంది నీలవేణి,
పగలంతా జీతాల లెక్కలు తనకి.
"బంతి వెనక నీడ సాగకూడదు" అన్నాను,
రాత్రి తొమ్మిది దాటితే నేను గోల్‌కీపర్ని.

ఎక్కువ దేనికి వాడతారన్నాడు షాపు కుర్రాడు.
ఇద్దరం ఒక్కసారే నోరు తెరిచాం,
చెరో మాట.

వానలో మోసుకొచ్చాం, నా కోటు అట్టపెట్టెకి కప్పి.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ
దీని వీపున రెండు తొర్రలున్నాయి.
మార్చే మీటే కంటికి ఆనదు.
తొమ్మిదికి తనే చెయ్యి వెనక్కి పోనిచ్చి తడుముతుంది,
వీపు గోకుతున్నట్టు.

నిన్న పది దాటింది. లెక్క తేల్లేదు.
కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని
అంకెలు చదివిపెట్టాను.