పరగడుపు

మా నాయిన నాకు నేర్పింది మూడే లెక్క.
మూడు కొడితే బరాత్ కదులుతది,
గుర్రం మీది పెళ్లికొడుకు గూడ
సిగ్గిడిసి భుజాలు ఎగరేస్తడు.
చిలకలగూడ నుంచి మెట్టుగూడ దాకా
నా మూడు మీదనే ఎన్ని కాళ్లు నడిచినయో.

కెజియా వచ్చి ఏడు కొట్టమన్నది.

తార్నాక ల్యాబుల పనిచేసే పిల్ల.
పొద్దుగాల ఇంటింటికి తిరిగి నెత్తురు తీస్కపోతది.
మా నాయినకు సుగర్ పరీక్ష కోసం వచ్చి
గోడకున్న డప్పు చూసింది, ఎవరిదని అడిగింది.
నరం దొరకకపోతే
రెండు వేళ్లతోని మెల్లగ తట్టి చూస్తది.
గిటారు గూడ అట్లనే పడుతది,
తంతి కింద ఏదో పారుతున్నట్టు.

"తకిట తకధిమి, నర్సింగన్నా.
మూడు నీదే. ఇంకో నాలుగు నాకియ్యి."
ఆ నాలుగు యాడికెళ్లి తేవాలె?
వారం దినాలు నా కుడిచెయ్యి ఇంటికి పోతనే ఉన్నది,
ఎడమచెయ్యి గల్లీల నిలబడి
దాన్ని పిలుస్తనే ఉన్నది.
ఒక బరాత్‌ల యాది మరిచి ఏడు కొట్టిన.
అన్నోజిగూడ పెళ్లికొడుకు తూలిండు,
మేనమామలు తిట్టిండ్రు,
పైసలల్ల రెండు వందలు కోసిండ్రు.
రాత్రి ఫోన్ల చెప్తే
ఆమె నవ్విన నవ్వు గూడ ఏడులనే ఉండె.

రికార్డింగు వారాసిగూడల,
జిరాక్సు దుకాణం మీది గది.
కిటికీకి రెండు బొంతలు, తలుపుకు ఒక పరుపు,
ఫ్యాను బంద్. మే నెల.
గోడలకు కోడిగుడ్ల అట్టలు అడిగితే
కిరాణం సేటు
"ఎన్ని కోళ్లు పెడుతుండ్రు?" అన్నడు.
ఓనరు ఒకనాడు పైకొచ్చి
"పాట ఎప్పుడు మొదలైతదమ్మా?" అన్నడు.
తొమ్మిదో నిమిషంల, సార్.
పెద్దమనిషి లుంగీ సర్దుకుని
నిజంగనే తొమ్మిది నిమిషాలు కూసున్నడు.
పదోది ఉండలే.

ఐదు కొట్టంగనే కింద బోరు మోటారు ఏస్తరు.
గోడలల్లకెళ్లి, అరికాళ్లల్లకెళ్లి
దవడ ఎముక దాకా ఒకటే "ఊఁ".
మూడు దినాలు దాన్ని తిట్టినం.
నాలుగోనాడు ఆమె చెవి బండకానిచ్చి పండుకున్నది.
లేచి, ఆరు తంతులూ దానికి సర్దింది.
"అది మనకాడికి రాదన్నా. మనమే పోదాం."

అప్పుడు పాడింది.
ఇంకా చాయ్ తాగని గొంతులను పాడింది.
చెయ్యి చాపి మొఖం అటు తిప్పుకునే మొగోళ్లను,
గాజులు మోచేతి మీదికి తోసి
"ఇందులనే ఉంటది చూడు బిడ్డా" అనే ముసలామెను,
చిన్న సీసాల మీద తన చేతిరాతల ఉన్న
లాలాగూడ, అడ్డగుట్ట, మాణికేశ్వర్ నగర్‌ను.
నేను ఏడు కొడుతున్న సంగతి
నాకు యాదికే రాలే.

ఆల్బం పేరు పరగడుపు. నాలుగే పాటలు.
రెండు వందల సీడీలు కొట్టించినం,
ఎవరింట్ల తిరుగుతయని అడగకుండ్రి.
నలబై ఒకటి పోయినయి.
బోడుప్పల్ పిలగాడు ఒకడు మెసేజ్ పెట్టిండు:
మూడో పాటల పన్నెండో నిమిషం కాడ
ఎవరో దగ్గుతరు, అది కావాలనే పెట్టిండ్రా?

అది మా నాయిన.
సద్ది తెచ్చి, పరుపు పక్కకు జరిపి,
చప్పుడు చెయ్యకుంట మూలకు కూసున్నడు.
మోకాలు మీద మూడు తట్టిండు,
మిగిలిన నాలుగు పోనిచ్చిండు,
మళ్ల మూడు.
కెజియా ఆ దగ్గు తీసేయనియ్యలే.

మొన్న ఓనరు మోటారు మార్చిండు.
కొత్తది నీళ్లల్లనే మునిగుంటది, సప్పుడే లేదు.
తంతులు దేనికి సర్దాలెనో తెల్వక
ఆమె అరగంట మెట్ల మీద కూసున్నది.
ఇగ ఆ "ఊఁ" ఉంటే గింటే
ఆ నలబై ఒక్క సీడీలల్లనే.
అండ్ల ఒకటి మా అక్క
పిట్టలు రాకుంట చిక్కుడు పందిరికి కట్టింది.
గాలొస్తే తిరుగుతది.