పది పంతొమ్మిది

రాత్రి రెండుంబావు. అంబత్తూరు ఎస్టేట్.
నీళ్ల లారీల బుకింగు కదలడం లేదని
కొరట్టూరు నించి తిరువొత్తియూరు దాకా ఒకటే ఫోన్లు.
డిస్కు నిండలేదు. నెట్‌వర్కు పడలేదు.
ప్రోగ్రాములన్నీ బతికే ఉన్నాయి,
ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం లేదు, అంతే.

నల్ల తెర మీద నాలుగక్షరాలు కొట్టాను:
ఐ, పీ, సీ, ఎస్.
ఎంటర్.

ఇంత ముక్తసరిగా జవాబిచ్చేవాళ్లని
మా తాయారత్త తర్వాత దీన్నే చూశాను.
మూడు పట్టికలు పరిచి ఊరుకుంది.
మెసేజీల వరస, ఉమ్మడి జ్ఞాపకం, వంతుల లెక్క.
ఏది ఎవరిది, ఎంత, ఎవరెవరు ముట్టుకోవచ్చు.
అడగందే ఇంకో ముక్క రాలదు.

వరసలో నాలుగువందల పన్నెండు మెసేజీలు.
ఎన్ని బైట్లో చెప్పింది, ఏముందో చెప్పలేదు.
విప్పి చూడొచ్చు, కాని
నేను చదివింది వరసలోంచి పోతుంది,
ఎవరింటికో వెళ్లాల్సిన నీళ్లు
రుచి చూద్దామని దోసిట్లో పట్టినట్టు.
వద్దులే.

వంతుల లెక్క సున్నా దగ్గర ఆగి ఉంది.
వెనక ఆరుగురు కాచుకుని ఉన్నారు.
ఆఖరున కుళాయి పట్టుకున్నది ఎవరని అడిగితే
ఒక నంబరు ఇచ్చింది, ఎనిమిది ఎనిమిది నాలుగు ఒకటి.
సిస్టమంతా గాలించాను. అలాంటివాడు లేడు.
వదలకుండానే పోయాడు మహానుభావుడు.

ఆ లెక్క చెరిపేశాను.
కాచుకున్న ఆరూ ఒక్క అరుపు అరిచి పడిపోయి
మళ్లీ లేచాయి.
ఐపీసీఎస్. మూడువందల ఎనభై.
ఐపీసీఎస్. రెండువందల ఆరు.
ఫ్లాస్కులో టీ చల్లారిపోయింది, అయినా తాగాను.

ఇక మిగిలింది ఉమ్మడి జ్ఞాపకంలో ఒక తునక.
అరవైనాలుగు ఎంబీ. అంటుకుని ఉన్నవాళ్లు, సున్నా.
యజమాని పేరుండాల్సిన చోట ఉత్త అంకె:
పది పంతొమ్మిది.
తిరువేంగడం గారు.
ఖాతా మార్చిలోనే తీసేశాం, పేరు దాంతోపాటే పోయింది.
తిరుత్తణిలో కోళ్ల దాణా కొట్టు పెట్టుకున్నారని విన్నాను.
దీన్ని ఆఖరిసారి ఎప్పుడు వదిలారని అడిగాను.
ఫిబ్రవరి ఇరవై ఎనిమిది, సాయంత్రం ఆరూ నలభై.
అప్పుడు మేం పక్క గదిలో ఆయన కోసం కేకు పెట్టుకుని
ఇంకా రాలేదేమిటని విసుక్కుంటున్నాం.

కొరుక్కుపేటలో మా వీధిలో
లారీ వరసలో మనుషులకన్నా ముందు బిందెలు నిలబడేవి.
ఒక ఆకుపచ్చ బిందె, మూతి దగ్గర చీలిక,
గుర్తుకి చీరంచు పీలిక కట్టి ఉండేది.
ఆ బిందె తాలూకు ఆవిడ స్టాన్లీ ఆస్పత్రిలో ఉందని అందరికీ తెలుసు.
ఆడవాళ్లు బిందెకోసం జుట్లు పట్టుకునే వీధే అది.
అయినా వరస కదిలినప్పుడల్లా
ఎవరో ఒకరు దాన్ని కాలితో ముందుకి నెట్టేవారు,
అటు చూడకుండానే.

తీసేసే కమాండు కొట్టాను, నంబరు కూడా వేశాను.
రూలు ప్రకారం తీసెయ్యాల్సిందే.
బ్యాక్‌స్పేస్ నొక్కుతూ మొదటిదాకా వచ్చాను.

పొద్దుటి షిఫ్టు నెడుమారన్‌కి నోట్సు రాశాను:
సెమాఫోర్ చిక్కుకుంది, సరిచేశాను.
వరస మూడింటికల్లా ఖాళీ.
పది పంతొమ్మిదిది ఒకటుంది.
ఎవరికీ అడ్డం లేదు. ముట్టుకోకు.
నేనే ఫోన్ చేసి అడుగుతాను.