ట్యాంకు అడుగు

మూడు రోజులుగా కుళాయి నీళ్లకు
తడిసిన కుక్క వాసన.
కాచినా పోలేదు, వడగట్టినా పోలేదు.
చారులో ఇంగువ రెట్టింపు వేస్తే
ఆ వాసనా ఈ వాసనా
పెళ్లిపీటల మీద కూర్చున్నట్టు పక్కపక్కనే కూర్చున్నాయి.

టెగన్ వచ్చింది.
బండి వెనక చుట్టలు చుట్టిన గొట్టం,
ఒక పంపు, మూడు తెల్ల బకెట్లు.
"కడిగి ఎన్నేళ్లైంది?"
మేం కొని నాలుగేళ్లు. ముందు సంగతి
ఇల్లు అమ్మిన లోర్నాను అడగాలి.
హోర్షమ్ శ్మశానంలో రెండో వరసలో ఉంది లోర్నా.

నీళ్లు పారబొయ్యక్కర్లేదట.
వేసవి చివర ఉన్నదే మోకాలి లోతు,
మళ్లీ వాన ఎప్పుడంటే
విమ్మెరాలో ఎవరూ మాటివ్వరు.
గొట్టం మూతిని అడుగంటా జరుపుతుంది
నిద్రపోతున్న పిల్ల కింద నించి
తడిసిన పక్కబట్ట లాగినంత నెమ్మదిగా.
"తొందరపడితే లేస్తుంది" అంది,
అక్కడేదో జంతువు పడుకున్నట్టు.

అవనిగడ్డలో కాలవ నీళ్లకు
చిల్లగింజ అరగదీసి కలిపేవాళ్లు.
గంటలో పైన తేట, కింద మడ్డి.
పైది ముంచుకోవడమే నాకు తెలుసు.
కిందది ఏమయ్యేదో
కడవలు తోమిన నాంచారమ్మకి తెలిసుండాలి.
అడగలేదు నేనెప్పుడూ.
అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న పెద్దమనిషి ఇంట్లోనూ
కడవ ఎవరో ఒకరు తోమే ఉంటారు.

మొదటి బకెట్ నిండింది.
నలుపు. కదిపితే కందెనలా మెరుపు.
రోజూ సైలో దగ్గర గోధుమల తేమ కొలిచే చేతులు
ఊరుకుంటాయా, జల్లెడ తెచ్చాను.
యూకలిప్టస్ ఆకుల ఈనెలు, ఆకులు లేకుండా.
గలా పిట్టల రెట్ట.
దక్షిణాన కొండలు తగలబడిన నెలలో
మా రేకుల మీద రాత్రంతా రాలిన బూడిద.
ఎవరి పొలంలోంచో గాలికి లేచి
ఏ రిజిస్ట్రేషనూ లేకుండా మా పేర వచ్చిపడ్డ ఎర్రమన్ను.
ఒక కప్ప ఎముకలు, దువ్వెన పళ్లంత.
రేకులు బిగించినవాడు జారవిడిచిన మేకు.

"ఇది తాగామా అమ్మా?" అంది ధాత్రి.
"ఇది కాదు,
దీని మీద నిలబడ్డదాన్ని తాగాం."
తృప్తి పడలేదు అది. నేనూ పడలేదు.

పుదీనా మడి వైపు తిప్పిన బకెట్‌ని
టెగన్ కాలు అడ్డం పెట్టి ఆపింది.
పాత కప్పు అంచుల్లో సీసం ఉంటుందట,
తినేవాటికి పొయ్యొద్దంది.
ఇంత మంచి నల్లమన్ను!
మా ఆయన గొణుక్కుంటూ
కంచె అవతల గొయ్యి తవ్వాడు.
టీ ఇస్తానంటే టెగన్ నవ్వి
తను తెచ్చుకున్న నీళ్ల సీసా చూపించింది.

మర్నాడు పొద్దున
మూత తీసి టార్చి వేశాను.
నీళ్లున్నాయో లేదో తెలియనంత తేట.
అప్పుడు కనిపించింది,
సిమెంటు గోడ మీద, అడుగు నించి జానెడు ఎత్తున
మేకుతో గీసిన గీత.
పక్కన 1982.
ఇంకేం లేదు. పేరు కూడా లేదు.

అది పైనించి గీసిన గీత కాదు.
ఎవరో నిచ్చెన దించుకుని
మిగిలిన ఆ జానెడు నీళ్లలో కాళ్లు పెట్టి,
వంగి, ఊపిరి బిగబట్టి గీసుండాలి.
ఇన్నాళ్లూ దాని మీద మడ్డి
ఏటేటా కప్పుకుంటూ వచ్చింది.

వంటింట్లో కుళాయి తిప్పాను.
కాసేపు ఎర్రగా దగ్గింది,
తరవాత తెల్లబడింది.
గ్లాసు కిటికీకి ఎదురుగా పట్టి
ముందు అడుగు చూశాను.
ఇప్పుడు ఎవరింటికి వెళ్లినా
అలాగే చూస్తున్నాను.