వఫ్రా సంఘం హాజరు పుస్తకం

అట్ట మీద విత్తనాల కంపెనీ బొమ్మ, ఎర్రటి టమాటా.
లోపల మొదటి పేజీలో జెకర్యా చేతిరాత:
సంఘం మొదలు. ముగ్గురం. శుక్రవారం. విపరీతమైన దుమ్ము.
అంతే. ఏడు వెయ్యడం మరిచాడు.
కొత్త ట్రాక్టరు వచ్చిన ఏడని నేనంటాను,
బావిలో ఒంటెపిల్ల పడ్డ ఏడని అబ్సలోము.
మూడోవాడు హోషేయ ఉంటే తేల్చేవాడు.

మాకు ఆదివారం శుక్రవారం నాడొస్తుంది.
గుడి అంటే పంపుగది:
ఒక పక్క మోటారు, ఒక పక్క యూరియా బస్తాలు,
మధ్యలో పద్నాలుగు మంది మోకరించేంత చోటు.
పదిహేనోవాడొస్తే
ఒకరు నిలబడి ప్రార్థించాలి.

ముసలి కఫీలు ఒకసారి వాకిట్లో నిలబడ్డాడు.
పాట సగంలో తెగింది.
ఆయన మమ్మల్ని చూళ్ళేదు, మోటారు వైపు చెయ్యెత్తి
"అది ఆగకుండా చూసుకోండి" అని వెళ్ళిపోయాడు.
ఆగనివ్వలేదు.
డప్పు లేని లోటూ తీరింది.
పుల్లంపేట నుంచి కొత్తగా దిగినవాళ్ళు మాత్రం
ఆ తాళం అందక, నెల్లాళ్ళపాటు
ఒక చరణం వెనకబడి పాడేవాళ్ళు.

పుస్తకం వెనక పేజీలు లెక్కలు.
కానుకల పెట్టె, టమాటా పేస్టు డబ్బా, మూతకి గాటు.
కొవ్వొత్తులు, పావు దినారు.
కమాలుద్దీన్ టీలు, పద్నాలుగు, బాకీ.
ఆ సిల్హెట్ మనిషి డబ్బు ముట్టడు,
అయినా ప్రతి వారం బాకీ అనే రాశాం.
హోషేయ పెట్టె రైల్వేకోడూరు పంపడానికి, నలభై రెండు.
పెట్టెలో ఏముందో రాయలేదు.

బాప్తిస్మాలు నీళ్ళ తొట్టిలో.
దోసపాదులకి పారే నీళ్ళే.
మునిగి లేచినవాడు ముందు ఉమ్మేవాడు,
తర్వాత హల్లెలూయ అనేవాడు.
అప్పుడే తెలియాల్సింది మాకు, బావి ఉప్పెక్కుతోందని.

ఇక ఆడవాళ్ళ పేజీ.
జహ్రాలో, సల్వాలో, ఇళ్ళలో పనిచేసేవాళ్ళు.
శుక్రవారం ఆ ఇళ్ళ నిండా చుట్టాలు, పొయ్యి మీద దబరాలు,
గడప దాటే వీలేదీ?
పది గంటలకి ఒక మిస్డ్ కాల్ ఇస్తే హాజరు.
ఒక్క రింగు, ఉన్నాను.
రెండు రింగులు, నా కోసం ప్రార్థించండి.
ఫోన్లన్నీ యూరియా బస్తా మీద వరసగా పెట్టి
వాక్యం చదువుతుంటే,
మధ్యమధ్య అవి కదిలేవి,
బోర్లాపడ్డ పురుగుల్లా.

చిట్వేలి రాహేలుది ఎప్పుడూ ఒక్క రింగే.
ఒక శుక్రవారం అదీ రాలేదు.
చెయ్యి ఊరుకోక టిక్కు పెట్టాను.
మరుసటి వారమూ పెట్టాను.
ఏడు వారాలు, ఏడు అబద్ధాలు, నా పెన్నుతో.
ఎనిమిదో వారం జెకర్యా పుస్తకం అడిగి తీసుకున్నాడు.
పేజీ చూశాడు, నన్ను చూశాడు,
ఎనిమిదో టిక్కు తనే పెట్టి
కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.
ఇల్లు మారిందని ఒకరు,
ఎంబసీ షెల్టర్లో చూశామని ఒకరు.

ముందు దోస ఆకుల కొసలు మాడాయి, తర్వాత టమాటా.
కఫీలు పోయాక కొడుకు భూమి అమ్మేశాడు.
పంపుగది పడగొట్టడానికి అరగంట పట్టింది.
గొట్టాలెక్కడున్నాయో నాకొక్కడికే తెలుసు గనక
నన్నుంచుకున్నారు.

ఇప్పుడిది ఇస్తిరాహా. సెలవురోజు విడిది.
తొట్టి ఉన్నచోట నీలం పలకల ఈతకొలను.
పిల్లలు ముక్కు మూసుకుని దూకుతారు,
లేచి ఉమ్ముతారు.
మోటారు మాత్రం అదే, నేల కింద,
ఆ తాళమే.

శుక్రవారం పదింటికి
వల కర్రతో ఆకులు తీస్తుంటే
జేబులో ఫోను కదులుతుంది.
అబ్దలీ నుంచి అబ్సలోము. జహ్రా నుంచి ఇద్దరు.
కోడూరులో మంచం పట్టిన జెకర్యా, రెండు రింగులు.
ఇప్పుడు మాట్లాడ్డం ఉచితమే, అందరికీ తెలుసు.
అయినా ఎత్తను. ఎత్తమని ఎవరూ అడగరు.

ఈ వారం పదకొండు.
అందులో ఒకటి తెలియని నంబరు,
ఒక్క రింగు.
ఏ పేరు ఎదుట పెట్టాలో
రాత్రికి, చేతులు ఆరాక, చూస్తాను.